తాళపత్రాల పండితుడు యోగి అయిన దారి

ఓరుగల్లులో చదువుకుంటూ క్రీడాభిరామం పేరు వినని విద్యార్థి ఉండడు. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు కాకతీయుల నాటి మన పట్నంలో ఒక రోజంతా తిరుగుతారు. వాడలు చూస్తారు, పూటకూటింట్లో కడుపునిండా తింటారు, కోడిపందెం దగ్గర నిలబడతారు. వందల ఏండ్ల కిందటి వరంగల్ బజారు మన కండ్ల ముందు నడుస్తుంది. ఆ కావ్యాన్ని పరిష్కరించి, అది ఎవరు రాసిందనే విషయం మీద వాదానికి దిగి, శ్రీనాథుడే రాసి ఉంటాడని వాదించిన పండితుడు వేటూరి ప్రభాకరశాస్త్రి గారు.

సాహిత్యం చదివేవారికి శాస్త్రి గారు తెలిసినవారే. కానీ ఆయన యోగి అని, యోగాన్ని పదిమందికి నేర్పారని, యోగంతో రోగాలు మాన్పడానికి జీవితంలో సగభాగం వెచ్చించారని మనలో ఎంతమందికి తెలుసు? నాకైతే మొన్నటి వరకు తెలియదు. నేను బి.ఎస్సీ. చదివే రైతుబిడ్డను. కొత్తవాడలో ఒక నేత కుటుంబం ఇంట్లో అద్దె గదిలో ఉంటున్నాను. పద్యం నా సబ్జెక్టు కాదు. అయినా ఈ మనిషి సంగతి నన్ను పట్టుకున్నది. ప్రతి అక్షరానికీ రుజువు అడిగే పండితుడు, రుజువు చూపడానికి వీలులేని యోగమార్గంలోకి ఎట్లా పోయినాడు? పోయినా తన పండితుని బుద్ధిని ఎందుకు వదులుకోలేదు? సైన్సు చదివే వాళ్ళకు ఈ ప్రశ్న చిన్నది కాదని నా అభిప్రాయం. అందుకే ఈ నాలుగు మాటలు.

ప్రభాకరశాస్త్రి గారు 1888 ఫిబ్రవరి 7న కృష్ణా జిల్లా పెదకళ్ళేపల్లిలో పుట్టారు. కృష్ణానది ఒడ్డున, దుర్గానాగేశ్వరస్వామి గుడి ఉన్న ఊరు అది. దక్షిణకాశి అని పేరు. తండ్రి సుందరశాస్త్రి గారు, తల్లి శేషమ్మ గారు. పండితుల ఇల్లు కనుక సంస్కృతం ఇంట్లోనే చెవిన పడింది. తరువాత బందరులో చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి గారికి శిష్యులయ్యారు. తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్ళపిళ్ళ వారి దగ్గరే విశ్వనాథ సత్యనారాయణ వంటి వారు కూడా చదువుకున్నారు. ఆ గురువు పద్యం చెప్పడమే కాక పద్యాన్ని ఊరూరా తిప్పినవాడు. శిష్యునికి కూడా జనం నోట ఉన్న పద్యం మీద ప్రేమ అక్కడే అంటుకొని ఉంటుంది.

1910 ప్రాంతంలో శాస్త్రి గారు మద్రాసు వెళ్ళి ప్రభుత్వ ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారంలో కొలువులో చేరారు. సుమారు ముప్పై ఏండ్లు ఆయన కొలువు అక్కడే సాగింది. మెకంజీ దొర సేకరించినవి, బ్రౌను దొర పోగుచేసినవి వేలకొద్దీ తాళపత్ర గ్రంథాలు, కాగితపు ప్రతులు ఆ భాండాగారంలో చేరి ఉన్నాయి. మానవల్లి రామకృష్ణకవి గారి వంటి ఘనులు కూడా అక్కడ పనిచేశారు.

తాళపత్రాల పని ఎట్లుంటుందో కొంచెం చెప్పాలె. తాటాకు మీద గంటంతో గీసి, గీతల్లో మసి దట్టిస్తేనే అక్షరం కనబడుతుంది. ఆకు అంచులు విరిగిపోతాయి, పురుగు తొలిచిన చోట అక్షరాలు పోతాయి. చూసి రాసినవాడు తప్పు రాస్తాడు, ఆ తప్పును చూసి ఇంకొకడు మరో తప్పు రాస్తాడు. పరిష్కర్త నాలుగైదు ప్రతులు ముందు పెట్టుకుని, ఒక్కొక్క పాఠాన్ని పోల్చి, ఛందస్సుకు సరిపోతుందా, అర్థానికి సరిపోతుందా, ఆ కవి కాలపు భాషకు సరిపోతుందా అని తూచాలె. మేము ఫిజిక్సు ల్యాబులో వెర్నియరు కాలిపర్సుతో ఒకే కడ్డీని అయిదుసార్లు కొలిచి సగటు తీస్తాం. ఒక్క రీడింగును నమ్మొద్దని మా లెక్చరర్లు మొదటిరోజే చెబుతారు. శాస్త్రి గారి పని కూడా అదే జాతిది. కొలిచే వస్తువు మాత్రం మాట.

ఈ పద్ధతితో ఆయన చేసిన పనులు చాలా ఉన్నాయి. పల్లెల్లో పెద్దల నోళ్ళలో మాత్రమే బతికి ఉన్న చాటు పద్యాలను పోగుచేసి చాటుపద్యమణిమంజరిగా అచ్చువేశారు. ఎక్కడెక్కడో దొరికిన, మూల కావ్యాలు పోయిన పద్యాలను 1918లో ప్రబంధరత్నావళిగా తెచ్చారు. శ్రీనాథుని జీవితాన్ని, కవిత్వాన్ని పరిశోధించి 1923లో శృంగార శ్రీనాథము రాశారు. మన పాలకుర్తి సోమనాథుని బసవపురాణం 1926లో ఆంధ్రగ్రంథమాలలో వెలువడితే, దానికి గొప్ప పీఠిక రాసింది ఆయనే. అంటే మన పాత ఉమ్మడి జిల్లా గడ్డ మీది రెండు పుస్తకాలు, ఓరుగల్లు బజారును చూపించేది ఒకటి, పాలకుర్తి వీరశైవుని ద్విపద ఒకటి, ఈ కృష్ణా జిల్లా పండితుని చేతుల మీదుగా కూడా మన తరాలకు అందినవి. వరంగల్ వాళ్ళం ఆయనకు బాకీ ఉన్నామనడంలో అతిశయోక్తి లేదు.

ఇగ యోగం సంగతికి వద్దాం. దానికోసం మద్రాసు నుంచి సుమారు మూడువందల కిలోమీటర్లు దక్షిణాన, కావేరి ఒడ్డున ఉన్న కుంభకోణం పోవాలె. తంజావూరును 1532 నుంచి 1673 దాకా తెలుగు నాయకరాజులు ఏలినారు. ఆ రాజ్యంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా అక్కడే ఉండిపోయినవి. అట్లాంటి ఒక తెలుగు కుటుంబంలో 1868 ఆగస్టు 4న కంచుపాటి వెంకటరావు వెంకాసామిరావు గారు పుట్టారు. ఆయననే మాస్టర్ సి.వి.వి. అంటారు. ఆయన కాషాయం కట్టలేదు, అడవికి పోలేదు. ఇల్లూ సంసారమూ ఉన్న మనిషి. 1910 మే 29న ఆయన తన యోగాన్ని ఇతరులకు ఇవ్వడం మొదలుపెట్టారు. దాని పేరు భృక్తరహిత తారక రాజయోగం. వెనుకటి కర్మఫలం పోగు పడి మనిషిని కట్టివేస్తుందని, ఆ కట్టు లేకుండా దాటించే యోగమని దాని భావం.

1910 మే నెల ఎట్లాంటి నెలో సైన్సు విద్యార్థిగా చెప్పకుండా ఉండలేను. హేలీ తోకచుక్క వచ్చింది అప్పుడే. ఏప్రిల్ 20న అది సూర్యునికి అతి దగ్గరగా వచ్చింది. మే 18, 19 తేదీల ప్రాంతంలో భూమి దాని తోకలోంచి పోతుందని లెక్క కట్టారు. తోకలో సయనోజన్ అనే విషవాయువు ఉందని వర్ణపటంలో తేలితే, యూరపులోనూ అమెరికాలోనూ జనం భయపడి కిటికీల సందులు మూసుకున్నారు, తోకచుక్క గోలీలని అమ్మితే కొనుక్కున్నారు. తోకచుక్క తోక ఎంత పలుచనో తెలిసినవాళ్ళకు అందులో భయపడేది ఏమీ లేదు. ప్రపంచమంతా దాన్ని కీడుగా చూస్తున్న రోజుల్లో, కుంభకోణంలో ఈయన మాత్రం ఆ తోకచుక్క ద్వారా తన యోగానికి శక్తి వచ్చిందని నమ్మినాడు. ఈ మాటను నేను ఆయన నమ్మకంగానే చెబుతున్నాను. నేను చదివిన ఖగోళశాస్త్రంలో దానికి చోటు లేదు. తోకచుక్క మళ్ళీ 1986లో వచ్చి వెళ్ళింది. 2061లో వస్తుంది. అప్పటికి నాకు యాభై దాటి ఉంటాయి.

ఆ యోగం చేసే తీరు మాత్రం చాలా సులువు. శీర్షాసనం లేదు, శ్వాస బిగబట్టడం లేదు, ఉపవాసం లేదు, ఇల్లు విడిచిపెట్టడం లేదు. పొద్దున ఆరుగంటలకు, సాయంత్రం ఆరుగంటలకు కూర్చోవాలె. మాస్టర్‌కు నమస్కారం చెప్పుకుని కండ్లు మూసుకోవాలె. లోపల ఏం జరుగుతుందో ఊరికే గమనించాలె. ఒళ్ళు కదిలినా, వణికినా, ఏమీ జరగకపోయినా అడ్డం పడకుండా చూడాలె. సి.వి.వి. గారు శిష్యులను మీడియంలు అనేవారు. తన సాధనను పరిశోధన లెక్క చూస్తూ నోట్సు రాసుకునేవారు. ఇంగ్లీషు చదువు వచ్చిన కొలువుదారులు, వకీళ్ళు, పంతుళ్ళు ఆయన చుట్టూ చేరడానికి ఇదొక కారణం కావచ్చు. గృహస్థునికి వీలయ్యే యోగం అది. రెండు పూటలా కొంచెం సమయం ఇస్తే చాలు. మిగతా రోజంతా కొలువు కొలువే, సంసారం సంసారమే.

మద్రాసు కొలువులో ఉన్న ఆ రోజుల్లోనే ప్రభాకరశాస్త్రి గారు కుంభకోణం వెళ్ళి మాస్టర్ దగ్గర యోగం స్వీకరించారు. ఆ దారిలో తనకు కలిగిన అనుభవాలను తరువాత ప్రజ్ఞాప్రభాకరము అనే గ్రంథంలో రాశారు. యోగం గురించి ఊరికే మెచ్చుకుంటూ రాసిన పుస్తకాలు చాలా ఉంటాయి. ఒక పరిశోధకుడు తన మీద తానే పరీక్ష చేసుకుని రాసిన పుస్తకాలు తక్కువ. తాళపత్రం చేతికి వస్తే ఇది దొంగప్రతి అని ముందే పారవేయకూడదు, దేవుడిచ్చింది అని ముందే కండ్లకు అద్దుకోకూడదు. విప్పి చదవాలె. శాస్త్రి గారు యోగం దగ్గరికి కూడా అదే చెయ్యితో పోయినారని నాకు తోస్తుంది. ఆయన భాండాగారం వదలలేదు. శృంగార శ్రీనాథమూ బసవపురాణ పీఠికా రెండూ యోగంలోకి వచ్చిన తరువాతివే. కండ్లు మూసుకుని కూర్చునే అలవాటు ఆయన కలాన్ని మొద్దుబార్చలేదు.

అయితే ఈ కథలో పెద్ద చిక్కు ఒకటి ఉంది. దాన్ని దాటవేస్తే నా రాతకు విలువ ఉండదు. సి.వి.వి. గారి యోగం ఆరోగ్యంతో ఆగలేదు. ఆయుష్షు పెంచడం, చివరికి చావును దాటడం కూడా దాని ఆశయం. అట్లాంటి ఆశయం చెప్పిన మాస్టర్ 1922 మే 12న, యాభైనాలుగేండ్లు కూడా నిండకుండా కాలం చేశారు. నమ్మినవాళ్ళ ముందు అప్పుడు ఎంత పెద్ద ప్రశ్న నిలబడి ఉంటుందో మనం ఊహించుకోవచ్చు. శాస్త్రి గారికి అప్పుడు ముప్పైనాలుగేండ్లు. ఇదంతా వట్టిదే అని లేచిపోవడానికి అదే సమయం. ఆయన లేచిపోలేదు. ఇంకా ఇరవై ఎనిమిది ఏండ్లు ఆ యోగంలోనే ఉన్నారు. ఇది గుడ్డినమ్మకం అని కొందరు అనవచ్చు. నేను ఇంకోతీరుగా అనుకుంటాను. పరిష్కర్తకు ఒక గ్రంథంలో ఒక పాఠం తప్పని తేలినంత మాత్రాన గ్రంథమంతా పారవేయడు. పనికివచ్చే భాగం ఏదో అనుభవంలో దొరికి ఉంటేనే ఆయన నిలబడి ఉంటారు.

ఆయన యోగాన్ని తన ఒక్కడి కోసం దాచుకోలేదు. అడిగినవారికి నేర్పారు. రోగులను కూర్చోబెట్టి యోగంతో బాగుచేయడానికి పూనుకున్నారు. మద్రాసులోనూ తరువాత తిరుపతిలోనూ ఇందుకోసం ఆయన దగ్గరికి జనం వచ్చేవారు. బాగయ్యామని చెప్పుకున్నవారు ఉన్నారు. ఇక్కడ నేను కొంచెం ఆగుతాను. ఒక మందు పనిచేసిందో లేదో తెలియాలంటే, మందు ఇచ్చినవాళ్ళను, ఇవ్వనివాళ్ళను పక్కపక్కన పెట్టి చూడాలె. ఏ మందూ లేకుండా తనంతట తానే తగ్గే రోగాలు ఎన్నో. పక్కన ఒక మంచి మనిషి కూర్చుని ధైర్యం చెబితే సగం తగ్గే బాధలు ఎన్నో. వాటిని వేరు చేసి చూడకుండా యోగమే మాన్పిందని సైన్సు ఒప్పుకోదు. మా ఊళ్ళో ఒకాయన ఎవరో చెప్పిన మాట విని షుగరు గోలీలు మానేసి పొద్దున్నే గాలి పీల్చుడు మొదలుపెట్టినాడు. ఏడాది తిరగకముందే కాలు మీద పుండు లేచింది. చివరికి రెండు వేళ్ళు తీసేసినారు. ఆయన చేను కౌలుకు పోయింది. కాబట్టి శాస్త్రి గారి మీద ఎంత గౌరవం ఉన్నా, డాక్టరు రాసిన మందు మాని యోగం చెయ్యమని నేను ఎవరికీ చెప్పను.

మరి యోగంతో ఏం ఫాయిదా అని మీరు అడగవచ్చు. మా నాయిన మిర్చి పండిస్తాడు. పంట ఏనుమాముల మార్కెట్‌కు తెచ్చిన రాత్రి బస్తాల మీదనే పడుకుంటాడు, కానీ నిద్ర పట్టదు. రేపు రేటు ఎంత పలుకుతుందో, అప్పు తీరుతుందో లేదో అని గుండె కొట్టుకుంటనే ఉంటుంది. ఇట్లాంటి రాత్రులు ఈ జిల్లా రైతులందరికీ తెలుసు. 1997, 98 నాటి పత్తి రైతుల చావులు మా ఇండ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. యోగం చేస్తే క్వింటాలు రేటు పెరగదు. అప్పు వడ్డీ తగ్గదు. ఈ సంగతి దాచి యోగం గురించి మాట్లాడేవాళ్ళంటే నాకు గిట్టదు. కానీ శ్వాసను నెమ్మదిగా, నిమిషానికి ఆరుసార్ల దాకా తగ్గించి తీసుకుంటే గుండె లయ మీద వేగస్ నాడి పట్టు పెరుగుతుందని శరీరధర్మశాస్త్రం చెబుతున్నది. కుంగిన మనసుకు, నిద్రలేని రాత్రికి అది కొంత ఊరట. మెదడు కొంచెం నెమ్మదిస్తే రేపు మార్కెట్లో కమీషన్ ఏజెంటుతో మాట్లాడటానికి మాట తడబడదు. ఇంత చిన్న లాభమే అయినా పేదవానికి అది పైసా ఖర్చు లేకుండా దొరికే లాభం.

కొత్తవాడలో మా ఇంటి ఓనరు తాత జంపఖానాలు నేసినవాడు. వరంగల్ జంపఖానాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కానీ, నేసేవారి నడుములకు, మోకాళ్ళకు వచ్చిన గుర్తింపు ఏమీ లేదు. పొద్దంతా మగ్గం ముందు వంగి కూర్చుని ఆయన నడుము ఎప్పుడో పోయింది. శాస్త్రి గారి సంగతి చెబితే ఆయన ఆసక్తిగా విన్నాడు. ఆసనాలంటే తనవల్ల కాదని, ఊరికే కూర్చునేదైతే మగ్గం మీద కూర్చున్న వాళ్ళకంటే బాగా ఎవరు కూర్చుంటారని నవ్వినాడు. యోగం అనగానే పలుచటి ఒళ్ళు, ఖరీదైన చాప, ఫోటో గుర్తుకు వచ్చే ఈ కాలంలో ఆ మాట నాకు చాలా నచ్చింది. నిజానికి అదే కాలంలో మైసూరులో తిరుమలై కృష్ణమాచార్యుల వారు 1933లో రాజుగారి ప్రాపకంలో యోగశాల నడిపించారు. బి.కె.ఎస్. అయ్యంగార్, పట్టాభి జోయిస్ వంటి ఆయన శిష్యుల ద్వారానే ఆసనాల యోగం ప్రపంచమంతా పాకింది. ఆసనం లేని శాస్త్రి గారి దారి మాత్రం ఇండ్లలోనే ఉండిపోయింది.

మళ్ళీ శాస్త్రి గారి జీవితానికి వస్తాను. 1940 ప్రాంతంలో ఆయన తిరుపతి చేరారు. 1939లో ఏర్పడిన శ్రీవేంకటేశ్వర ప్రాచ్యపరిశోధన సంస్థలో పనిచేశారు. తిరుమల కొండ మీద తాళ్ళపాక కవుల కీర్తనలు రాగిరేకుల మీద చెక్కి ఉన్నాయి. తాటాకుల మనిషికి ఇప్పుడు రాగిరేకులు దొరికినవి. అన్నమయ్య మనుమడు చిన్నన్న ద్విపదలో రాసిన అన్నమాచార్య చరిత్రను ఆయన పరిష్కరించి, పెద్ద పీఠికతో 1949లో ప్రకటించారు. ఈరోజు ఊరూరా మైకుల్లో అన్నమయ్య పాట వినబడుతున్నదంటే, ఆ పాట రాసిన మనిషి ఎవరో, ఎట్లా బతికినాడో మనకు తెలిసిందంటే, ఈ పీఠిక పుణ్యం అందులో చాలా ఉంది.

ఆయన సొంత కవిత్వం గురించి కూడా ఒక మాట. కపోతకథ, కడుపుతీపు, విశ్వాసము వంటి చిన్న కావ్యాలు రాశారు. పండితులు సాధారణంగా రాజుల మీద, దేవతల మీద రాస్తారు. ఈయన మనసు పావురం మీదికి, కన్నకడుపు తీపి మీదికి, విశ్వాసం మీదికి పోయింది. ఎడ్లతో, బర్లతో పెరిగిన మాలాంటి వాళ్ళకు ఈ కవి దగ్గరివాడనిపిస్తాడు. రోగి పక్కన కూర్చున్న చెయ్యి, ఈ కావ్యాలు రాసిన చెయ్యి ఒక్కటే కదా.

1950 ఆగస్టు 29న తిరుపతిలో శాస్త్రి గారు కన్నుమూశారు. అప్పటికి ఆయనకు అరవైరెండేండ్లు. అదే ఏడాది ఫిబ్రవరిలో గురువు చెళ్ళపిళ్ళ వారు కూడా పోయినారు. తిరుపతిలో ఆయన విగ్రహం ఉంది. ఆయన పేరుమీద తిరుమల తిరుపతి దేవస్థానం ఒక వాఙ్మయపీఠాన్ని ఏర్పాటు చేసింది. సినిమా పాటల వేటూరి సుందరరామమూర్తి గారు ఈయన తమ్ముని కొడుకే అంటే మన హాస్టలు మిత్రులు కొంచెం ఆశ్చర్యపోతారేమో. సి.వి.వి. గారి యోగం కూడా తెలుగునాట ఆగలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు చెప్పిన ఎక్కిరాల కృష్ణమాచార్య గారు 1971లో విశాఖలో వరల్డ్ టీచర్ ట్రస్టు పెట్టి, దాన్ని యూరపు దాకా తీసుకుపోయినారు.

2015 నుంచి ఏటా జూన్ 21న ప్రపంచమంతా యోగదినం జరుగుతున్నది. మన కాలేజీల గ్రౌండుల్లో కూడా వరుసలు కట్టి చేతులు లేపుతాం, ఫోటో దిగుతాం, జూన్ 22న మరిచిపోతాం. ప్రభాకరశాస్త్రి గారి జీవితంలో నాకు నచ్చింది ఆయన చూపినారని చెప్పే మహిమ కాదు. పొద్దున ఆరు, సాయంత్రం ఆరు, నడుమ తాళపత్రాలు. ఇట్లా ఏండ్లకేండ్లు నడిచిన ఆ వరుస నచ్చింది. తాను నమ్మింది చేసి చూసుకున్నారు. చూసింది రాసిపెట్టినారు. ఆ రాతను నమ్మాల్నా వద్దా అనేది తేల్చుకునే పని మనకు వదిలిపెట్టినారు. పరిశోధన చేయదలచిన ఏ విద్యార్థికైనా ఇంతకంటే మంచి మర్యాద ఎవరు చేస్తారు?

మిత్రులారా, మన గ్రంథాలయంలో క్రీడాభిరామం దొరికితే తీసి చూడండి. ఓరుగల్లు బజారులో మంచనశర్మ వెంట నడిచేటప్పుడు, ఆ దారి చెదిరిపోకుండా మనకు అప్పగించిన వారిలో కండ్లు మూసుకుని కూర్చోవడం కూడా తెలిసిన ఒక పెద్దమనిషి ఉన్నాడని జ్ఞాపకం పెట్టుకోండి. ఆ మహనీయునికి ఒక రైతుబిడ్డ జోహార్లు.